‘ఉద్యోగం గ్యారంటీ’ కోర్సు కొనే ముందు ఇది చదవండి

డిగ్రీ పూర్తయి ఆరు నెలలు గడిచినా ఒక్క పిలుపూ రాని రోజుల్లో ‘ఉద్యోగం గ్యారంటీ, లేదంటే డబ్బు వాపసు’ అనే డేటా అనలిటిక్స్ (అంకెల పట్టికలను విశ్లేషించే పని) కోర్సు ప్యాకేజీ కొన్నాను. పాఠాలు, ప్రాజెక్టులు, రెజ్యూమే తయారీ అన్నీ అందులోనే. సంస్థ పేరు రాయడం లేదు. ఇదే అచ్చులో పోసిన ప్యాకేజీలు చాలా ఉన్నాయి కాబట్టి, నేను ఏమేం చూసుకోకుండా కొన్నానో చెప్పడమే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందు ప్రాజెక్టుల సంగతి. ‘పరిశ్రమ స్థాయి’ ప్రాజెక్టులు అన్నారు. మొదటిది ఐరిస్ పూల పట్టిక: మూడు జాతులు, జాతికి 50 చొప్పున 150 పూల కొలతలు. గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1936లో ప్రచురించిన పట్టిక అది! రెండోది టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో అంచనా కట్టడం. నేర్చుకునేవాళ్లకు రెండూ చక్కటివే, వాటి మీద నాకేమీ కోపం లేదు. డేటా పోటీలు నడిపే కాగిల్ వెబ్‌సైట్‌లో టైటానిక్ పోటీ కొత్తవాళ్లకు ఉచితంగానే దొరుకుతుంది. చిక్కల్లా మా బ్యాచ్‌లో అందరి రెజ్యూమేల్లోనూ ఇవే ప్రాజెక్టులు, ఇవే వాక్యాలతో ఉండటం.

నాకు దక్కిన ఒకే ఒక్క మంచి ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగినావిడ నా రెజ్యూమే చూసి, "ఈ రోజు మీది మూడో టైటానిక్" అన్నారు. వెటకారంగా కాదు, జాలిగా. ఆ పై ప్రశ్న: "వయసు నమోదు కానివాళ్లను ఏం చేశారు?" ఆ టైటానిక్ ఫైలులోని 891 మందిలో 177 మందికి వయసు లేదు. వీడియోలో మాస్టారు సగటుతో నింపారు, నేనూ నింపాను. ఎందుకని అడిగేసరికి నోరు పెగల్లేదు.

ఇక రెజ్యూమే. రెండు నిలువు వరుసలు, రంగు పట్టీలు, నైపుణ్యాల పక్కన చుక్కలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఐదింట నాలుగు చుక్కలట, ఎవరు కొలిచారో! చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ చాలా సంస్థలు దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తాయి. ఒక రాత్రి అనుమానం వచ్చి ఫైలులోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూశాను. రెండు వరుసలూ కలగాపులగమై, డిగ్రీ పూర్తయిన సంవత్సరం నా అభిరుచుల మధ్యలో తేలింది. ఫోను నంబరు అసలు లేనే లేదు, దాన్ని బొమ్మలో భాగంగా పెట్టారు. అర నిమిషం పట్టే ఈ పరీక్షను నేను నాలుగు నెలల పాటు దరఖాస్తులు పంపాక చేశాను. మీరు ఈ రోజే చేయండి.

హామీ పత్రం డబ్బు కట్టాక చేతికొచ్చింది. వారానికి 15 దరఖాస్తులు పంపాలి, ఒక్క వారం తప్పినా హామీ రద్దు. వచ్చిన మొదటి ఆఫర్‌ను కాదనకూడదు. జీతం లేని ఇంటర్న్‌షిప్ కూడా ‘ఉద్యోగం’ కిందే లెక్క. నాకు వచ్చిన మొదటి ఆఫర్ ఏమిటనుకున్నారు? వాళ్ల సంస్థలోనే, ఇదే కోర్సును ఫోనులో అమ్మే పని. కాదన్నాను. దాంతో వాపసూ పోయింది.

కాబట్టి పైసా కట్టక ముందే హామీ షరతులు రాతపూర్వకంగా అడగండి, ‘ఉద్యోగం’ అంటే వాళ్ల లెక్కలో ఏమిటో కూడా. పాత విద్యార్థులను మీరే లింక్డ్‌ఇన్‌లో వెతికి పలకరించండి, వాళ్లు చూపించినవాళ్లను కాదు. పాఠాలే కావాలంటే హార్వర్డ్ వారి కంప్యూటర్ కోర్సు సీఎస్50, కోడింగ్ నేర్పే వెబ్‌సైట్ ఫ్రీకోడ్‌క్యాంప్ ఉచితంగానే ఉన్నాయి. ఆ తర్వాత నాకు పిలుపులు తెచ్చింది కోర్సు ప్రాజెక్టు కాదు. చదువుకునే రోజుల్లో గ్రంథాలయంలో కొన్నాళ్లు పనిచేశాను. పుస్తకాలు ఏ నెలల్లో ఎక్కువ ఆలస్యంగా తిరిగొస్తున్నాయో అప్పట్లో లెక్కగట్టిన చిన్న పట్టికను రెజ్యూమేలో పెట్టాను. దాని గురించి ఎవరు ఏమడిగినా చెప్పగలను, ఎందుకంటే ఆ తిప్పలన్నీ నేనే పడ్డాను.

ఇంకొక్క మాట. సర్టిఫికెట్ ఇవ్వాలంటే ముందు ఐదు నక్షత్రాల రివ్యూ రాసి, దాని ఫొటో పంపమన్నారు. రాశాను. వాళ్ల పేజీలో కనిపించే ‘జీవితమే మారిపోయింది’ అన్న పొగడ్తల్లో ఒకటి నాదే. నిన్ననే తీసేశాను.