కాంటాలు అయినంక వైద్యం: హన్మకొండలో నేను చేరిన ఎనిమిది వారాల సాయంత్రం ప్రోగ్రాం

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పొద్దున జెండా పాట (సరుకు వేలం), తర్వాత కాంటాలు, తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే లెక్క చీటీలు), రైతులకు పైసల లెక్క. మిర్చి సీజన్లో నేను నెల రోజులు కనబడకపోతే సేటు ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఆయనను తప్పు పట్టను, పని అట్లాంటిది. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, పని మానకుండా మనసుకు వైద్యం దొరుకుతుందా అని వెతికేవాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నా. నాకు దొరికింది. ఐదుకు నాలుగు ఇస్తా. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తా.

పోయిన దసరా తర్వాత నాకు నిద్ర పోయింది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా కన్ను మూతపడేది కాదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. తక్‌పట్టీ మీద ఒకే లెక్క మూడుసార్లు కూడితే మూడు రకాలుగా వచ్చేది. రైతు ఎదురుగా నిలబడి చూస్తుంటే చేతిలో పెన్ను వణికేది. డిసెంబర్లో ఒక పొద్దున జెండా పాట నడుస్తుండగా గుండె దడదడ కొట్టుకుంది, చేతులు చల్లబడ్డాయి, ఇక్కడే ప్రాణం పోతుంది అనిపించింది. ఒక హమాలీ అన్న పట్టుకుని బస్తాల మీద కూర్చోబెట్టాడు. గుండె జబ్బేమో అని ఈసీజీ తీయించాం. బాగుందన్నారు. ఇంట్లో అందరూ నిమ్మళపడ్డారు. నాకు మాత్రం ఇంకా భయమైంది. గుండె బాగానే ఉంటే మరి ఇదేంది?

మొదట పోయిన దవాఖానలో రెండు నిమిషాల్లో చీటీ రాసి, తగ్గకపోతే అడ్మిట్ కావాలన్నారు. అది ఏ దవాఖానో రాయను. ఆ చీటీ వారం రోజులు జేబులోనే ఉంది. అడ్మిట్ అనే మాట వినగానే మా దగ్గర ఎవరికైనా ముందు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక దవాఖానే గుర్తుకొస్తుంది. చిన్నప్పటి నుంచి ఆ ఊరి పేరును తిట్టుగా వాడి వాడి, అక్కడ కోలుకుని ఇంటికి వచ్చేవాళ్లు ఉంటారన్న సంగతే మరిచిపోయాం.

సంక్రాంతి తర్వాత మా బామ్మర్ది కనుక్కుంటే ఈ ప్రోగ్రాం సంగతి తెలిసింది. నక్కలగుట్ట వైపు ఒక చిన్న క్లినిక్, మొదటి అంతస్తు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, ఎనిమిది వారాలు. డాక్టరు గారు తొందరపడకుండా విడమరిచి చెప్పారు: నెలకోసారి వచ్చి గోళీలు రాయించుకుపోవడం కింది మెట్టు, దవాఖానలో పడుకోవడం పై మెట్టు, ఇది రెండింటి నడుమది. అమెరికాలో దీన్ని ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్ ప్రోగ్రాం అంటారట. పెద్దవాళ్లకు వారానికి తొమ్మిది గంటలకు తగ్గకుండా నడుపుతారు. ఇరవై గంటలకు పోతే దాని పేరు వేరు, అప్పుడు పగలంతా అక్కడే ఉండి రాత్రికి ఇల్లు చేరాలి. నాకు తొమ్మిది గంటలు సరిపోతాయన్నారు. మొదటి రోజు, దిగులు ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపించారు. అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత ఎక్కువ. 27కు నాకు 19 వచ్చింది. ఆ అంకె చూసి సిగ్గుపడలేదు. ఇన్ని నెలల్లో నా కష్టానికి మొదటిసారి ఒక తూకం దొరికినట్టైంది.

సేటుకు ఏమని చెప్పాలనేది పెద్ద చిక్కు. దాన్ని కూడా అందరం కలిసి కూర్చునే గ్రూపులోనే తెంపారు. ఏ మాట అనాలో కాగితం మీద రాయించి, నాతో నాలుగుసార్లు పలికించారు. "పానం బాగుంటలేదు సేటూ, వారంల మూడు రోజులు ఐదింటికే పోవాలె, పొద్దుగాల గంట ముందే వస్త." అంతే. ఏ జబ్బని ఆయన అడగలేదు. "పోయిరా, లెక్క మాత్రం ఆగొద్దు" అన్నాడు.

గ్రూపులో మొత్తం ఎనిమిది మందిమి. అక్కడ విన్నది అక్కడే ఉండాలన్నది మొదటి షరతు. కాబట్టి మిగతా ఏడుగురి గురించి ఇక్కడ ఏమీ రాయను.

భాష సంగతి మాత్రం చెప్పాలి. మొదటి వారం ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఇరవై ముఖాల బొమ్మలు, ఒక్కో దాని కింద ఒక్కో పేరు, ఇప్పుడు మీకు ఎట్లా ఉందో గుర్తు పెట్టమన్నారు. చాలామందిమి ఖాళీగానే తిరిగి ఇచ్చాం. కౌన్సెలర్ మేడం కోస్తా వైపు ఆమె, మంచి మనిషి. ఆందోళన, నిస్పృహ, ఉద్వేగం అని నోటితో చెప్పారు. అవి మేం పేపర్లో చదివే మాటలు. రెండో వారం ఆమె ఆ కాగితాలు పక్కన పెట్టి, మార్కర్ పట్టుకుని బోర్డు దగ్గర నిలబడి అడిగారు: "ఇంట్లో అమ్మతో చెప్పుకునేటప్పుడు ఏమంటారు?"

కాసేపు ఎవరూ నోరు తెరవలేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. రంది. గుబులు. యాష్ట. బేజారు. మేడం ప్రతి మాటనూ రాసి, అది ఒంట్లో ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు వస్తుంది అని మమ్మల్నే అడిగారు. గంటసేపు ఆ నాలుగు మాటల మీదే కూర్చున్నాం. రంది అంటే ఒకే సంగతి మనసులో పెట్టుకుని దాని చుట్టే తిరగడం. అది ఛాతీ మీద బరువుగా ఉంటుంది, తిండి సయించనివ్వదు. గుబులు రాబోయేదాని భయం. అది కడుపులో మొదలై పైకి ఎక్కుతుంది. యాష్ట అంటే చేసీ చేసీ విసిగిపోయి ఇంక చేతులు లేవకపోవడం. నాలుగు నెలలుగా నాకున్నది ఒకే జబ్బు అనుకున్నా. ఆ బోర్డు చూశాక, రాత్రి రెండింటికి నన్ను లేపుతున్నది రంది అనీ, జెండా పాట దగ్గర పట్టుకుంటున్నది గుబులు అనీ అర్థమైంది. దేని పని దానికి వేరే ఉంది. రంది కోసం రోజూ ఒక చిన్న పని టైము పెట్టుకుని చేయాలి, మనసు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా. గుబులు ఉన్న చోటికి తప్పించుకోకుండా పోవాలి, కొంచెం కొంచెంగా. గోళీలు రెండింటికీ అడుగున ఆసరా. ఎస్సిటాలోప్రామ్ ఐదు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పదికి పెంచారు. మొదటి వారం కడుపులో తిప్పింది. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనీ, మధ్యలో సొంతంగా ఆపొద్దనీ ముందే చెప్పి ఉన్నారు కాబట్టి ఓర్చుకున్నా. మూడో వారంలో ఒక రాత్రి ఐదు గంటలు నిద్రపోయా.

ఇక గుబులు. మేడం మొదట దీర్ఘశ్వాస నేర్పారు. క్లినిక్‌లో బాగానే పనిచేసింది. మర్నాడు మిర్చి యార్డులో చేయబోతే ఘాటుకు దగ్గు తెర ఎత్తుకుంది, ఆ దగ్గుకు ఊపిరాడక గుండె ఇంకా ఎక్కువ కొట్టుకుంది. ఫిబ్రవరిలో ఎనుమాముల చూసినవాళ్లకు తెలుసు, మూతికి తువ్వాల లేకుండా ఎవరూ నిలబడరు. బుధవారం పోయి ఇదే చెప్పా. ఆమె కాగితం తీసి యార్డు బొమ్మ గీయమన్నారు. గేటు ఎక్కడ, కాంటా ఎక్కడ, పాట ఎక్కడ జరుగుతుంది, నల్లా ఎక్కడుంది. ఏ రకం మిర్చికి ఘాటు తక్కువ అని కూడా అడిగారు. చపాటాకు అని చెప్పా. మా వరంగల్ చపాటాకు రంగు ఎక్కువ, కారం తక్కువ, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది ఆ మిర్చికే. అయితే మీ మొదటి మెట్టు చపాటా రాశుల దగ్గరే అన్నారు.

ఆ బొమ్మ మీదే నాలుగు మెట్లు గీసుకున్నాం. పాట అయిపోయాక చపాటా రాశుల దగ్గర పది నిమిషాలు నిలబడడం ఒకటి. పాట నడుస్తుండగా గేటు దగ్గర నిలబడడం రెండు. గుంపు అంచున, ఘాటు ఎక్కువుండే తేజ మిర్చి బస్తాల పక్కన, మూడు. పాట మధ్యలో నిలబడి ధర నా చేత్తో రాసుకోవడం నాలుగు. దీర్ఘశ్వాస బదులు నల్లా దగ్గర తువ్వాల తడిపి ముఖానికి అదుముకోమన్నారు. ముఖానికి చల్లటి నీళ్లు తగిలితే గుండె వేగం తగ్గుతుంది, అది ఒంటి స్వభావమే అని వివరించారు. గుబులు పదికి ఎంత ఉందో ఐదు నిమిషాలకోసారి రాయాలి. నేను పాత తక్‌పట్టీల వెనక రాసేవాణ్ని. మూడో మెట్టు మొదటి రోజు కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది: 8, 9, 9, 7, 5, 4. ఆ రెండు తొమ్మిదుల దగ్గర పారిపోదామనిపించింది. అక్కడే నిలబడ్డా, అంకె దానంతటదే దిగింది. సాయంత్రం ఆ కాగితం మేడం చేతిలో పెడితే ఆమె చాలాసేపు చూశారు.

నేను దవాఖానలో పడుకుని ఉంటే ఈ కాగితం ఉండేది కాదు. పొద్దున భయపడిన చోటు గురించి సాయంత్రం మాట్లాడడం, సాయంత్రం నేర్చుకున్నది మర్నాడు అదే చోట చేసి చూడడం, ఈ ప్రోగ్రాం బలమంతా దాంట్లోనే ఉంది.

మేడారం జాతర వారంలో, జనవరి 28, 30 తారీఖుల్లో, రెండు రోజులు పోలేకపోయా. ములుగు రోడ్డు మీద బండి కదలలేదు. వాళ్లే ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. నేను అడగలేదు.

ఇంటివాళ్లతో రెండుసార్లు కూర్చోబెడతారు. నా భార్య మొదటిసారి వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్న మాట: "సోమరితనం అనుకున్న మేడం. పొద్దుగాల లేవకుంటే మీద నీళ్లు గుమ్మరిచ్చిన." అని ఏడ్చింది. డాక్టరు గారు ఆమెను ఒక్క మాట అనలేదు. ఇది జబ్బని ఆమెకు ఎవరూ చెప్పలేదు కదా అన్నారు. కాజీపేట దర్గాలో ఆమె కట్టించిన తాయెత్తు నా చేతికి ఉంది. దాన్ని తీసేయమని కూడా అనలేదు. గోళీ మరవకపోతే చాలన్నారు. ఆ రోజు నుంచి రాత్రి గోళీ, మంచినీళ్లు ఆమె చేతి మీదుగానే వస్తున్నాయి.

ఇప్పుడు లోపాలు. గ్రూపు గదికీ బయట కూర్చునే చోటుకూ నడుమ పలుచటి చెక్క ఒక్కటే అడ్డం. బయటివాళ్ల ఫోను మాటలు మాకు వినబడ్డాయంటే మా మాటలు వాళ్లకు వినబడే ఉంటాయి. రెండుసార్లు చెప్పినా మారలేదు. తెలుగు కాగితాలు నాలుగో వారానికి గానీ రాలేదు. ఎనిమిదిన్నరకు వదిలితే పరకాల, నర్సంపేట వైపు పల్లెలకు పోయేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఇల్లు చేరడం కష్టం. పగటి బ్యాచి ఒకటి పెట్టాలి. ఎనిమిది వారాలు అయిపోగానే వారానికి మూడు రోజుల నుంచి ఒక్కసారిగా నెలకోసారికి దించారు. ఆ మొదటి పదిహేను రోజులు నాకు చాలా బరువుగా నడిచాయి. మెల్లగా తగ్గించి ఉండాల్సింది.

ఖర్చు వారానికి 4,500, మొత్తం 36,000. గోళీలు వేరే. నాలాంటి జీతగాడికి ఇది చిన్న మాట కాదు, చిట్టీ ఎత్తి కట్టాను. బీమా కంపెనీకి బిల్లులు పంపితే ఇరవైనాలుగు గంటలు అడ్మిట్ కాలేదు కాబట్టి ఇవ్వమన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒంటి జబ్బులకు ఎట్లా బీమా ఇస్తారో మనసు జబ్బులకూ అట్లాగే ఇవ్వాలంటోంది. అయినా మంచం మీద పడుకుంటేనే లెక్కలోకి వస్తోంది, పని చేసుకుంటూ కోలుకుంటే రావట్లేదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తోంది. పాలసీ తీసుకునేవాళ్లు ఓపీ ఖర్చు వస్తుందో లేదో ముందే అడగండి.

ఇది అందరికీ సరిపడేది కాదు. చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నవాళ్లను, లేనిపోని మాటలు చెవిలో వినబడి సోయి తప్పుతున్నవాళ్లను ఇందులో చేర్చుకోరు, ముందు అడ్మిట్ చేయమంటారు. రోజూ ఎక్కువ తాగి ఒక్కసారిగా మానేవాళ్లకు కూడా అంతే, మానిన మొదటి రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి. అంత డబ్బు పెట్టలేనివాళ్లకు వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంలో మానసిక వైద్యుల ఓపీ ఉంది. అర్ధరాత్రి మాట్లాడడానికి ఎవరూ లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చేరక ముందు ఒక రాత్రి మూడింటికి నేనూ చేశా. తెల్లారేదాకా గడవడానికి ఆ ఇరవై నిమిషాలు ఆసరా అయ్యాయి.

మార్చిలో ఆఖరి రోజు అదే తొమ్మిది ప్రశ్నల కాగితంలో నాకు 7 వచ్చింది. గోళీ ఇంకా వేసుకుంటున్నా, ఇంకొన్ని నెలలు వేసుకోవాలన్నారు. మా మార్కెట్‌వాళ్లు ఎవరైనా చేరాలనుకుంటే దసరా దాకా ఆగకండి. పత్తి రావడం మొదలైతే ఐదింటికి బయటపడలేరు. వానాకాలంలో యార్డు ఖాళీగా ఉంటుంది, అప్పుడే ఎనిమిది వారాలు పూర్తి చేసుకోండి. ఐదున్నరకు గ్రూపు తలుపు వేస్తారు, పావు గంట ముందే చేరుకోండి. కింద కొట్టులో చాయ్ బాగుంటుంది.