ఆ ఓటీపీ ఏపీఐ వాళ్లని నమ్ముకుని యాప్ నడిపేవాళ్లూ, కాస్త చూసుకోండి

పేరు చెప్పక్కర్లేదు, బెంగళూరులో నాలాగా చిన్న యాప్‌లు నడిపేవాళ్లు చాలామంది ఓటీపీలకి వాళ్ల ఏపీఐనే (మన యాప్ అడగ్గానే వాళ్ల సర్వర్ ఓటీపీ మెసేజ్ పంపే ఏర్పాటు) వాడుతున్నారు. నాది మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌లకి పార్సిల్ ఆర్డర్లు తెచ్చే యాప్. నిన్న ఆదివారం, పన్నెండు కొట్టకముందే ఓటీపీలు ఆగిపోయాయి. లాగ్స్ నిండా 503 ఎర్రర్లు. సర్వీసు నడుస్తోందో లేదో చూపించే వాళ్ల స్టేటస్ పేజీ మాత్రం ఉగాది తోరణంలా పచ్చగా కళకళలాడుతోంది.

టికెట్ పెడితే నలభై నిమిషాలకి జవాబొచ్చింది. "మా వైపు అంతా బాగానే ఉంది సర్, మీ కోడ్ ఒకసారి చెక్ చేసుకోండి." చివర్లో ఓ స్మైలీ. 503 అంటే సర్వర్ వైపు గొడవని ఇంజనీరింగ్ పిల్లాడికైనా తెలుసు, అయినా నమ్మాను, నా తెలివి అలా ఏడిసింది! శుక్రవారం వదిలిన కొత్త వెర్షన్ వెనక్కి తీసేసి, లీవు పెట్టి గుంటూరు వెళ్లిన మా కుర్రాడికి ఫోన్ చేసి "ఏం కెలికావురా" అని అరిచాను. వాడు పెళ్లి బంతిలో కూర్చున్నాడు పాపం. ఈలోపు మెస్ బాబాయ్ ఫోన్: "బిర్యానీ దమ్‌కి పెట్టేశాం అబ్బాయ్, ఒక్క ఆర్డరూ రాలేదేంటి?"

సాయంత్రం నాలుగున్నరకి ఓటీపీలు వాటంతటవే వచ్చేశాయి. అప్పుడు పెట్టారు స్టేటస్ పేజీలో, 11:50 అని పాత టైమ్ వేసి మరీ, "కొద్దిమందికి స్వల్ప అంతరాయం" అని. అంటే నాకు స్మైలీ పంపేటప్పటికే వాళ్లకి తెలుసన్నమాట!

సర్వర్లు ఎవరివైనా పడతాయి. 2017 ఫిబ్రవరిలో అమెజాన్ ఎస్‌త్రీ (ఫైళ్లు దాచే వాళ్ల క్లౌడ్ సర్వీసు) పడినప్పుడు వాళ్ల స్టేటస్ డాష్‌బోర్డ్ కూడా దానిమీదే నడుస్తుండటంతో మార్చలేకపోయారు, కానీ ట్విట్టర్‌లో చెప్పారు, తర్వాత "మావాడే కమాండ్ తప్పు కొట్టాడు" అని రాసి ఒప్పుకున్నారు. వీళ్లు "పడింది" అని ఒక్క ముక్క చెప్పుంటే నేను ఓటీపీ తీసేసి ఫోన్ నంబర్ మీదే ఆర్డర్లు తీసుకునేవాణ్ణి, పది నిమిషాల పని.

99.9 శాతం అప్‌టైమ్ అని గొప్పగా రాసుకున్నారు, అంటే నెలకి 43 నిమిషాలకి మించి ఆగకూడదు. నిన్న ఒక్కరోజే నాలుగున్నర గంటలు దాటింది. పరిహారం, వచ్చే బిల్లులో 180 రూపాయల క్రెడిట్. బాబాయ్ పారబోసిన బిర్యానీలో ఉల్లిపాయలకి కూడా చాలదు.

వాడేవాళ్లు ఇంకో ప్రొవైడర్ దగ్గర డీఎల్‌టీ టెంప్లేట్లు (ముందే రిజిస్టర్ చేయించుకోవాల్సిన ఎస్సెమ్మెస్ నమూనాలు) ఇప్పుడే ఎక్కించి ఉంచుకోండి, పడ్డాక మొదలుపెడితే అవ్వదు. నిమిషానికోసారి వాళ్ల ఏపీఐని తట్టి చూసే స్క్రిప్ట్ ఒకటి రాసుకోండి. ఈ రాత్రి నా పనీ అదే, ముందు గుంటూరుకి ఫోన్ చేసి సారీ చెప్పాక.