ఏటవాలు గట్టు మీదికి పడవ లాగాలంటే ఏ వించ్ మేలు?

సంగమేశ్వరం దగ్గర కృష్ణ వెనుక జలాల్లో మా మామకు ఒక ఫైబర్ బోటు ఉంది. పొడవు 18 అడుగులు. నాకేమో నందికొట్కూరులో మోటార్లు బాగుచేసే చిన్న షాపు. బోటు నీళ్లలో ఉన్నంతసేపూ అది ఆయన సంగతి. గట్టెక్కాల్సి వచ్చిందంటే మాత్రం నాకు ఫోన్ వస్తుంది. 2022లో మా ప్రాంతం నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, సామాన్లు కొనాలంటే మాకు ఇప్పటికీ కర్నూలే. ఆ తిరుగుడులో చూసినవీ, కొనుక్కొచ్చి నాలుక కరుచుకున్నవీ కలిపి రాస్తున్నాను.

ముందు గట్టు సంగతి. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలానికి 840 దరిదాపులకు దిగుతుంది, అప్పుడే సంగమేశ్వరుడి గుడి బయటపడేది. అంటే ఒడ్డు ఏడాదిలో 45 అడుగులు కిందికి పోయి మళ్లీ పైకి వస్తుంది. మా రేవు దగ్గర వాలు వెంబడి పది అడుగులు నడిస్తే అయిదడుగులు ఎక్కినట్టు. ఆ లెక్కన 45 అడుగుల ఎత్తుకు 90 అడుగుల దారి, సుమారు 27 మీటర్లు. వించ్ అంటే తాడుతో బరువు లాగే మిషన్, చాలావాటికి ఆ తాడు ఒక డ్రమ్ముకు చుట్టుకుంటుంది. ఎవరు ఏ వించ్ అమ్మజూపినా నేను ముందు అడిగేది తాడు ఎంత పొడవు అని. సగం మిషన్లు అక్కడే పక్కకు పోతాయి.

ఇక బరువు. ఇంజను దించేశాక బోటు, లోపలి వలలు, అడుగు చెక్కలు కలిపి 500 కిలోలు అనుకోండి. పాత జీపు చక్రాలతో, యాంగిల్ ఇనుముతో నేనే చేసిన ట్రాలీ ఇంకో 200. మొత్తం 700. మా వాలుకు ఇందులో సగం, అంటే 350 కిలోలు, ఊరికే కిందికి లాగుతూ ఉంటుంది. చక్రాలు గట్టి నేల మీద దొర్లితే పైన ఒక 60, 70 కిలోలు కలుస్తుంది. బురదలో దిగబడితే 150 దాటుతుంది. ట్రాలీ లేకుండా బోటును గులకరాళ్ల మీద ఈడిస్తే రాపిడికే దాని బరువులో సగం దాకా పోతుంది, అడుగు కూడా గీరుకుపోతుంది. కాబట్టి నా లెక్కలో మాకు కావాల్సిన లాగుడు 500 కిలోలు. వించ్ మీద కనీసం 1,000 అని రాసుండాలి. ఆ రాసింది కూడా డ్రమ్ము మీద మొదటి పొర తాడు ఉన్నప్పటి మాట. పొర మీద పొర చుట్టుకునే కొద్దీ డ్రమ్ము లావై బలం తగ్గుతుంది.

ఈ లెక్కంతా నేను ముందే వేసి ఉంటే బాగుండేది. మొదట కొన్నది పాత ఇనుము అంగట్లో దొరికిన చేతి వించ్. బరువు తూగింది, పళ్లు బాగున్నాయి, తెచ్చేశాను. దానికి బ్రేకు లేదు. పళ్ల చక్రానికి అడ్డం పడే ఇనుప నాలుక ఒక్కటే. తిప్పుతుంటే టక్ టక్ అని ఒక్కో పన్ను దాటి పడుతుంది. ఎక్కేటప్పుడు వినసొంపుగానే ఉంటుంది. మూడొంతుల దారి ఎక్కాక ట్రాలీ చక్రానికి రాయి అడ్డొచ్చింది. కాస్త కిందికి వదిలి మళ్లీ లాగుదామని మామ హ్యాండిల్ పట్టుకుని నాలుకను పైకెత్తాడు. అంతే, హ్యాండిల్ చేతిలోంచి జారి ఫ్యాను రెక్కలా తిరిగింది. మోచేతి కింద ఒక్క దెబ్బ. బోటు తోక ముందుగా నీళ్లలోకి పోయి ఆగింది. ఎముక విరగలేదు గానీ చెయ్యి నెలరోజులు మెడకు వేలాడింది. కట్టు కట్టించుకుని వచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని ఆయన అన్న మాట ఇది: "ఎక్కించేది ఎట్లన్నా ఎక్కిస్తాం లే అల్లుడా. నడుమ ఆగితే ఏంది కథ, అది సూడు."

ఆ మాట పట్టుకునే మిగతావన్నీ చూశాను.

బ్రేకున్న చేతి వించ్ చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది. తేడా ఏంటంటే హ్యాండిల్ వదిలేస్తే బరువు ఎక్కడిది అక్కడే ఆగిపోతుంది. దించాలంటే మనమే వెనక్కి తిప్పాలి, తిప్పినంతే దిగుతుంది. అంగట్లోనే ఏదైనా బరువు వేలాడదీయించి, కొంచెం ఎత్తి, హ్యాండిల్ వదిలి చూపించమనండి. మొహమాటపడితే తర్వాత మా మామ చెయ్యి అవుతుంది. ఇంట్లోవాళ్లు చేసే తప్పు ఇంకోటుంది. తుప్పు పట్టకూడదని ఆయిల్ డబ్బా తెచ్చి అంతటా పోస్తారు. గేర్లకు గ్రీజు పెట్టాలి గానీ, బ్రేకు పలకలకు చుక్క కూడా తగలకూడదు. తగిలిందా, బ్రేకు ఉన్నా లేనట్టే.

దీని ఇబ్బంది దూరం. 60 మిల్లీమీటర్ల డ్రమ్ము, పదికి ఒకటి గేరు అనుకుంటే హ్యాండిల్ పది చుట్లు తిప్పితే డ్రమ్ము ఒక్కసారి తిరిగి బోటు 19 సెంటీమీటర్లు కదులుతుంది. 27 మీటర్లకు 1,400 చుట్లు. పొరలు పెరిగితే చుట్లు కొన్ని తగ్గుతాయి, చెయ్యి మాత్రం బరువెక్కుతుంది. పైగా చిన్న వించ్‌ల డ్రమ్ముకు అంత తాడే పట్టదు. నడుమ చక్రాలకు రాళ్లు పెట్టి, తాడు విప్పి, మళ్లీ కట్టుకోవాలి. చెరువు గట్టు లాగా ముప్పై నలభై అడుగుల వాలున్న వాళ్లకు ఇదే చాలు, వేరే చూడక్కర్లేదు. చవక, తేలిక, కరెంటు గొడవ లేదు.

చైన్ పుల్లీ గురించి చాలామంది అడుగుతారు, ఎందుకంటే అది ప్రతి షెడ్డులోనూ ఉంటుంది. నా షాపులోనూ ఉంది. ఇంజను ఎత్తడానికి దాన్ని మించింది లేదు. కానీ మామూలుగా దొరికే వాటి ఎత్తుడు మూడు మీటర్లు. మా గట్టుకు తొమ్మిది సార్లు విప్పి కట్టాలి. గొలుసు మట్టిలో పొర్లి, ఇసుక లోపలికి పోయి బిగుసుకుంటుంది. వద్దు.

మా ఊళ్లో అందరూ చేసేది ట్రాక్టరు పిలవడం. ఏడాదికి ఒకసారి, అదీ ఎండాకాలంలో అయితే నేనూ అదే చెబుతాను. మాకు బోటు లాగాల్సిన అవసరం ఎక్కువగా జులై, ఆగస్టు నెలల్లో, పైనుంచి వరద వచ్చి నీళ్లు రోజుకు అడుగుల లెక్కన ఎక్కుతున్నప్పుడు వస్తుంది. అప్పటికి వాన పడి గట్టు మీది నల్లరేగడి జిగురులా ఉంటుంది. ట్రాక్టరు ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ గుంత తవ్వుకుంటుంది. గట్టి నేల దొరికినా డ్రైవరుకు వెనక బోటు కనబడదు. కింద ఒకరు ఆగమని అరుస్తారు, ఇంజను మోతలో వినబడదు. మా పక్క రేవులో ఒక బోటు ముక్కుకున్న కొక్కెం ఫైబర్ ముక్కతో సహా ఊడొచ్చింది. తప్పనిసరై ట్రాక్టరే వాడాలంటే గట్టు మీద ఒక కప్పీ కట్టి, తాడు దాని మీదుగా తిప్పి, ట్రాక్టరును వాలు కిందికి నడిపించండి. మా తాత కపిలి తోలేటప్పుడు ఎద్దులు వాలు దిగుతూనే కదా బావిలోంచి నీళ్ల బాన పైకి లాగేవి. డ్రైవరు కళ్ల ముందే బోటు ఎక్కుతుంది.

ఎలక్ట్రిక్ వించ్ అంటే జీపుల ముందు పెట్టే 12 వోల్టుల రకం. కుర్రాళ్లకు దీని మీదే మోజు. మీద పౌండ్లలో రాసుంటుంది, కిలోలనుకుని మోసపోవద్దు. 4,500 అని ఉంటే సుమారు 2,040 కిలోలు. మాకు బలం సరిపోతుంది గానీ ఆ సైజు వాటికి వచ్చే తాడు చాలావరకు పన్నెండు, పదిహేను మీటర్లే. తాడు చాలేంత పెద్దది తీసుకుంటే మిషనే ముప్పై కిలోలు దాటుతుంది. బరువు మీద అది వంద ఆంపియర్లకు పైగానే తాగుతుంది. సన్నటి వైరు వేస్తే వైరు కాలుతుంది, ముసలి బ్యాటరీ అయితే నడుమలో మూలుగుతుంది. మోటారు ఆపకుండా నడిపేది కాదు. ఒకటి రెండు నిమిషాలు లాగి, చేత్తో తాకి చూసి, చల్లారనివ్వాలి. అన్నిటికంటే నాకు నచ్చనిది దించేటప్పుడు. చాలావాటికి బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువును ఎక్కువ దూరం కిందికి వదిలితే ఆ వేడంతా డ్రమ్ముకు ఎక్కుతుంది. ప్లాస్టిక్ తాడు చుట్టి ఉంటే అది మెత్తబడుతుంది. రేవు పక్కనే ఇల్లు, చార్జింగు సదుపాయం, షెడ్డు ఉన్నవాళ్లకు మాత్రం సుఖమైన వస్తువే.

మన సీమవాళ్లకే తోచే ఇంకో దారి ఉంది, బావులు తవ్వే క్రేన్. డీజిలు ఇంజను, పెద్ద డ్రమ్ము, పట్టీ బ్రేకు. బోర్లు వచ్చాక బావుల పని తగ్గి, చాలా ఊళ్లలో అవి చింతచెట్ల కింద తుప్పు పడుతున్నాయి. బేతంచెర్ల వైపు బండల గనుల్లోనూ ఈ బాపతువి కనిపిస్తాయి. తాడు వంద అడుగులైనా రెండొందలైనా పడుతుంది, టన్ను బరువు దానికి లెక్కే కాదు. అయిదారు బోట్లవాళ్లు కలిసి కొని, రేవు మీద సిమెంటు దిమ్మ వేసి బిగించుకుంటే ఇంతకు మించింది లేదు. బ్రేకు పట్టీ అరిగిందేమో, తాడు తెగిన పోగులతో ముళ్లు తేలిందేమో చూసి కొనాలి. ఒక్క బోటుకు మాత్రం ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఇంజనుకు స్పర్శ లేదన్నది కూడా గుర్తుండాలి. చక్రం రాయికి తట్టుకుంటే చేతి మిషన్ అయితే మనకు చేతిలోనే తెలుస్తుంది. ఇంజను అలాగే లాగుతుంది, ఏదో ఒకటి తెగేదాకా.

మేం చివరికి తీసుకున్నది టిర్ఫర్. ఆ పేరు నిజానికి ఒక కంపెనీ పెట్టుకున్నది, ఇప్పుడు ఎవరు చేసినా అలాగే పిలుస్తున్నారు. కరెంటు లైను గుంజే పనోళ్ల దగ్గర మీరు చూసే ఉంటారు. దీనికి డ్రమ్ము లేదు. లోపల రెండు జతల దవడలు. ఒకటి తాడును కరిచి లాగుతుంటే ఇంకోటి ముందుకు జరిగి కరుస్తుంది, అచ్చం మనిషి చేయి మీద చేయి వేసి బావిలో చేద తోడినట్టు. తాడు ఇటు నుంచి దూరి అటు వెళ్లిపోతుంది కాబట్టి ఎంత పొడవైనా ఫరవాలేదు, పొరల గొడవ లేదు, మొదటి అడుగుకూ చివరి అడుగుకూ బలం ఒకటే. లివర్ ఎప్పుడు వదిలినా దవడలు పట్టుకునే ఉంటాయి. దించడానికి వేరే లివర్ ఉంది, అదీ ఊపు ఊపుకు కొంచెమే వదులుతుంది. బరువు మరీ మీరితే లోపలి చిన్న పిన్నులు తెగి లివర్ తేలిపోతుంది, బోటు మాత్రం కదలదు.

800 కిలోలు, 1.6 టన్నులు, 3.2 టన్నులు, ఇలా వస్తాయి. మేం 1.6 తెచ్చాం. ఒక్కో ఊపుకు రెండంగుళాలు. గట్టెక్కేసరికి 550 ఊపులు, నడుమ రెండు బీడీలు, ఒక టీ. ఆలస్యమే, కాదనను. కింద బురద దగ్గర బరువు ఎక్కువైతే బోటు ముక్కుకు ఒక కప్పీ తగిలించి తాడును మళ్లీ గట్టు మీదికే తెచ్చి కడతాం. లాగుడు సగమవుతుంది, ఊపులు రెట్టింపు.

దీనికీ రోగాలున్నాయి. దానికి చెప్పిన లావు తాడే వేయాలి, చేతికందింది వేస్తే దవడలు పట్టవు. మట్టి లోపలికి పోతే జారుతుంది కాబట్టి ప్రతిసారీ డీజిలు పోసి కడిగి, ఆరబెట్టి, ఆయిల్ వేయాలి. బ్రేకు వించ్‌కు ఆయిల్ వద్దన్నాను, దీనికి తప్పనిసరి. దవడలు తెరిచే మీట ఒకటుంది, బరువు మీద ఉన్నప్పుడు దాన్ని తాకనే కూడదు. మా బామ్మర్దికి ఇది మూడుసార్లు చెప్పాను, నాలుగోసారి ఆ మీటకు ఎర్ర గుడ్డ కట్టాను.

ఏది కొన్నా దాన్ని దేనికి కడతారన్నది తేల్చుకోండి. మా రేవులో చెట్టు లేదు. మొదట నాలుగు గడ్డపారలు దిగగొట్టి కట్టాం. తడి రేగడిలోంచి అవి ముల్లంగి దుంపల్లా వచ్చేశాయి. ఇప్పుడు లాగే దిక్కుకు అడ్డంగా నాలుగున్నర అడుగుల లోతు గుంత తీసి, అయిదడుగుల తుమ్మ దుంగ పడుకోబెట్టి, దాని నడుముకు ఇనుప తాడు చుట్టి, ఆ తాడు ఏటవాలుగా బయటికొచ్చేలా సన్నటి గాడి తీశాం. పైన రాళ్లు వేసి, మట్టి పోసి దిమ్మిసతో కొట్టాం. రెండు వానాకాలాలు దాటింది. తాడుకు క్లాంపులు వేసేటప్పుడు కనీసం మూడు వేయండి, కుర్చీ భాగం, అంటే U ఆకారపు బోల్టుకు ఎదురుగా ఉండే గాడి ముక్క, బరువు మోసే తాడు వైపు ఉండాలి. లాగేటప్పుడు తాడు మీద తడి గోనెసంచి వేస్తాం, తెగితే అంత దూరం కొట్టదని. బోటు కింద వైపున ఎవరినీ నిలబడనివ్వం, పిల్లలను అసలే.

పక్క రేవువాళ్లు పోయినేడు ఎలక్ట్రిక్ వించ్ తెచ్చుకున్నారు. వాళ్ల బోటు గట్టెక్కి టార్పాలిన్ కప్పుకునేసరికి మాది సగం దారిలో ఉంటుంది, అటునుంచి ఈలలు కూడా వేస్తారు. దించే రోజు మాత్రం పొద్దున్నే ఒక పిల్లగాడు మా గుడిసె ముందుకు వస్తాడు. "మామా, నాయన టిర్ఫర్ అడిగి తెమ్మన్న్యాడు."