తిరగేస్తే తెలిసే వంకర: లైట్ ప్యాడ్‌తో ఐదేళ్లు

నా బొమ్మల్లో మనుషులందరికీ ఒక భుజం కిందికి జారి ఉంటుందని నాకు ముప్ఫై నాలుగేళ్లు వచ్చేదాకా తెలియదు. డ్రాయింగ్ మాస్టారు చెప్పలేదు, ఎడిటర్లు చెప్పలేదు, ఇంట్లోవాళ్లు అసలే చెప్పరు. చివరికి చెప్పింది 1,100 రూపాయలు పెట్టి కొన్న ఒక లైట్ ప్యాడ్, అంటే కాగితం కింద పెట్టుకునే, లోపల లైటు వెలిగే పలచటి పలక. కొని ఐదేళ్లు దాటింది. దాని సైజు, మందం, ఎన్ని రకాల వెలుతురు వస్తుంది లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా చెప్పను. అదే పలకని పది పేర్లతో అమ్ముతున్నారు.

నేను పిల్లల పత్రికలకి, అప్పుడప్పుడు కథల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. కథ చదివాక కరెంటు బిల్లు వెనకో, పెళ్లికార్డు కవరు మీదో అగ్గిపెట్టెంత గళ్లు నాలుగైదు గీసి, ఎవరు ఎక్కడ నిలబడతారో మచ్చల్లా పెట్టుకుంటాను. ఒక గడి కుదిరిందనిపిస్తే జిరాక్స్ కాగితం మీద 2బి పెన్సిల్‌తో రఫ్ వేస్తాను. అక్కడ చెరపడం ఉండదు. సరైన గీత దొరికేదాకా గీత మీద గీత వేస్తూ పోవడమే. సాయంత్రానికి ఆ కాగితం బొగ్గులబస్తా మీద పడుకుని లేచినట్టు ఉంటుంది. దాన్ని మంచి కాగితం మీదికి ఫెయిర్ దించి, ఇంకు వేసి, రంగు పెట్టాలి.

ప్యాడ్ కొన్నది ఆ దించే పని కోసమే. అంతకుముందు రఫ్ కాగితం వెనక పెన్సిల్ పొడి రుద్ది, కింద మంచి కాగితం పెట్టి, పైనుంచి బాల్‌పెన్నుతో నొక్కి గీసేదాన్ని. బొమ్మ దిగేది కానీ కాగితం మీద గాడి పడేది. పైన వాటర్‌కలర్ వేస్తే ఆ గాడిలోకి రంగు దిగి, అక్కడ నేను వెయ్యని ముదురు గీత ఒకటి తేలేది. చందమామ లాంటి గుండ్రటి మొహం వేసిన ప్రతిసారీ బుగ్గ మీద గాటు పడినట్టు కనిపించేది. ప్యాడ్ వచ్చాక ఆ బాధ తప్పింది. రఫ్ కింద పెట్టి, పైన మంచి కాగితం పరిచి, లైటు వేసుకుని లేతగా ఎత్తుకుంటే సరిపోతుంది. దానికోసమే అయితే ఇంత రాయక్కర్లేదు. ఈ పని ఎవరి ప్యాడ్ అయినా చేస్తుంది.

అసలు సంగతి కొన్న రెండో వారంలో బయటపడింది. మధ్యాహ్నం ఫ్యాన్ గాలికి రఫ్ కాగితం ఎగిరి మంచం కిందికి పోయింది. తీసి, చూసుకోకుండా ప్యాడ్ మీద పడేశాను. లైటు ఆపలేదు. కాగితం బోర్లా పడింది. రెండు బిందెలు మోస్తున్న ఆవిడ బొమ్మ అది. పొద్దుటినుంచీ దాన్ని చూసి మురిసిపోతూనే ఉన్నాను. కాగితం వెనకనుంచి కనిపించేసరికి గుండె జారింది. ఆవిడ నడవడం లేదు, పక్కకి పడిపోతోంది. ఒక కన్ను చెవి దగ్గరికి జరిగిపోయింది. ఎడమ బిందె కుడి బిందె కన్నా చిన్నది, అదీ కొంచెం నొక్కుకుపోయింది. వెలుతురు వెనకనుంచి వస్తోంది కాబట్టి ఏ గీతా దాక్కోలేదు.

మళ్లీ వెల్లకిలా తిప్పాను. మళ్లీ బాగానే ఉంది! బోర్లా తిప్పితే పడిపోతోంది. అలా ఓ పదిసార్లు తిప్పి ఉంటాను. పాత బొమ్మల రఫ్‌లు దాచిన అట్టపెట్టె దించి ఒక్కొక్కటే వేసి చూశాను. అన్నిటిదీ అదే జబ్బు. కుడిచేతి వాటం వల్ల నా గీతలన్నీ ఒక పక్కకే వాలుతున్నాయి. రోజంతా చూసిన బొమ్మకి కన్ను అలవాటుపడి తప్పుని సర్దుకుని చూస్తుంది. తిరగేస్తే అది కొత్తవాళ్ల బొమ్మ అయిపోతుంది. కొత్తవాళ్ల బొమ్మలో తప్పులు వెతకడం మనకి నేర్పాల్సిన పని కాదు కదా.

ఇది నేనేదో కనిపెట్టానని కాదు. బొమ్మని అద్దంలో చూసుకోమని లియొనార్డో డావించి 500 ఏళ్ల కిందటే తన నోట్సులో రాసుకున్నాడు. టాబ్లెట్‌లో గీసేవాళ్లకి దానికో బటనే ఉంటుంది. మన తోలుబొమ్మలు చేసేవాళ్లయితే పలచగా గీకిన మేకతోలు మీద రెండు వైపులా రంగు వేస్తారు. తెర వెనక దీపం వెలుగులో రాముడు ఇటు తిరిగినా అటు తిరిగినా రాముడిలాగే ఉండాలి. కాగితం మీద గీసేవాళ్లకి మాత్రం అద్దమే గతి. కానీ అద్దంలో తప్పు చూడగలం గానీ దిద్దలేం. ప్యాడ్ మీద దిద్దొచ్చు. నాకు దీని మీద ఇంత ప్రేమ అందుకే. కాగితం బోర్లానే ఉంచి, వెనక వైపు ఎర్ర పెన్సిల్‌తో భుజం ఎక్కడుండాలో, కన్ను ఎక్కడుండాలో గీసేస్తాను. వెల్లకిలా తిప్పితే ఆ ఎర్రగీత ముందువైపుకి కనిపిస్తూ ఉంటుంది. మధ్యలో చెరపడం లేదు, రఫ్ పాడవదు. ఫెయిర్ దించేటప్పుడు నల్ల గీతకీ ఎర్ర గీతకీ మధ్య ఎటు పోవాలో చేతికే తెలుస్తుంది.

మొదటి ఏడాది ఎవరు కలిసినా ఇదే చెప్పాను. ఇద్దరు స్నేహితుల చేత కొనిపించాను కూడా.

ఆ తర్వాత కొంచెం తగ్గాను. నాతోపాటే బొమ్మలు వేసే ఒకాయన నా రఫ్‌నీ, అచ్చయిన బొమ్మనీ పక్కపక్కన పెట్టి, "రఫ్‌లో మనిషి ఉన్నాడండీ, ఫెయిర్‌లో బొమ్మ ఉంది" అన్నారు. వారం రోజులు ఆ మాట మింగుడు పడలేదు. నిజమే. కింద గీత అంత స్పష్టంగా కనిపిస్తుంటే చెయ్యి భయపడుతూ దాని మీదే పాకుతుంది. రఫ్‌లో ఒక్క విసురుతో వచ్చిన చీర కుచ్చిళ్లు ఫెయిర్‌లో ఇస్త్రీ చేసినట్టయ్యాయి. అప్పటినుంచి వెలుతురు బాగా తగ్గించి, ముఖ్యమైన చోట్లు మాత్రమే పెన్సిల్‌తో ఎత్తుకుని, లైటు ఆపేసి ఇంకు వేస్తున్నాను. రఫ్ పక్కన పెట్టుకుని చూస్తాను, కింద మాత్రం పెట్టను. 0.3 పెన్నుతో వెంట్రుకలు ఒక్క ఊపులో వేస్తే ఒకటో రెండో తప్పుతాయి, పోనీ అనుకుంటాను. అంటే దించడానికి కొన్న వస్తువుతో ఇప్పుడు సగమే దించుతున్నాను. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం ఒళ్లు మండుతుంది.

చిన్నచిన్న చిరాకులు వేరే ఉన్నాయి. కాగితం బరువుని జీఎస్ఎంలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ కాగితం మందంగా ఉంటుంది. 200 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ కాగితం దాకా పర్వాలేదు. 300 జీఎస్ఎం వాటర్‌కలర్ కాగితం అయితే గదిలో ట్యూబ్‌లైటు ఆపినా పెన్సిల్ గీత సరిగా కనబడదు, రఫ్‌ని నల్ల జెల్ పెన్నుతో ఇంకోసారి దిద్దుకోవాలి. రెండు గంటలు దాటితే కళ్లలో నీళ్లు. నల్ల చార్టులో బొమ్మంత కిటికీ కోసి ప్యాడ్ మీద పరిస్తే చుట్టూ వచ్చే వెలుగు ఆగుతుంది, ఆ చిట్కా నాకు మూడో ఏడుగానీ తట్టలేదు. దాని మీద పెట్టి బ్లేడుతో టేపు కోశాను ఒకసారి, బుద్ధి తక్కువై. ఆ గాటు ఇప్పటికీ లైటు వేయగానే దారంలా మెరుస్తుంది. కరెంటు పోతే పవర్‌బ్యాంకుకి తగిలించుకోవచ్చులే అనుకున్నాను. వెలుతురు తగ్గిస్తే అది పీల్చే కరెంటు మరీ తక్కువై, ఏమీ తగిలించలేదనుకుని నా పవర్‌బ్యాంకు కాసేపటికి ఆగిపోతోంది. పూర్తి వెలుతురు పెడితే ఆగదు, కానీ నాకు పూర్తి వెలుతురు వద్దు.

ఇవన్నీ ఒక ఎత్తు, మూడో ఏడు మే నెలలో ఒక రాత్రి ఒక ఎత్తు. వైరు దూర్చే పోర్టు అప్పటికే వదులైంది. పెళ్లికార్డు ముక్క మడిచి కింద పెట్టి, వైరుని ఒక వాలులో రబ్బరుబ్యాండుతో కట్టి నెట్టుకొస్తున్నాను. పొద్దున పదికల్లా బొమ్మ పంపాలి. తాటి ముంజెలు అమ్మే మనిషి, చుట్టూ పిల్లలు. తిరగేసి చూసి, ఎర్రగీతలు పెట్టి, భుజాలన్నీ సరిచేశాను. సగం బొమ్మ మంచి కాగితం మీదికి ఎక్కింది. రాత్రి తొమ్మిదిన్నరకి లైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. వైరు మార్చాను, అడాప్టరు మార్చాను, పోర్టులో ఉఫ్‌మని ఊదాను. రాలేదు. కిటికీ అద్దం మీద దించుదామంటే బయట చీకటి. మా ఆయన క్యాంపులో ఉన్నారు. ఇంట్లో నేనూ అత్తయ్యగారూ.

ఇంట్లో కదల్చగలిగే అద్దం ఒక్కటే ఉంది, హాల్లో మావయ్యగారి ఫొటోకి. కుర్చీ ఎక్కి దించుతుంటే అత్తయ్యగారు లేచి వచ్చారు.

"ఆయన్నెందుకమ్మా దింపావు?"

"అద్దం కావాలి అత్తయ్యా. ఒక్క గంట."

ఆవిడేమీ అనలేదు. దండ తీసి పక్కన పెట్టి, ఫ్రేము వెనక మేకులు ఒక్కొక్కటే చెంచా కాడతో పైకి లేపారు. ఫొటో తన ఒళ్లో పెట్టుకుని అద్దం నాకిచ్చారు. రెండు పక్కలా పాత వారపత్రికల దొంతర్లు పేర్చి, మీద అద్దం పెట్టి, కింద ఫోన్ టార్చి వేశాను. నడిమధ్యలో సూర్యుడు, అంచుల్లో అమావాస్య. అద్దం అడుగున బటర్ పేపరు అంటిస్తే కొంచెం నయమైంది. అయినా నేను గీసే చోటుకల్లా ఫోన్ జరపాలి. ఆ పని అత్తయ్యగారు తీసుకున్నారు. "ఇటా? ఇంకా ఇటా?" అంటూ నేలమీద కూర్చుని కిందనుంచి వెలుగు పట్టారు.

కాసేపటికి కళ్లజోడు సర్దుకుని బొమ్మలోకి చూసి, "వీడికి వేళ్లు మిగలవమ్మాయ్" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ముంజకాయని ఎవరైనా పైనుంచి పట్టుకుంటారా? కత్తి పడేది అక్కడేగా" అని, వంటింట్లోంచి దోసకాయ తెచ్చి చూపించారు. ఎడమచేతి వేళ్లు కాయ అడుగునుంచి పట్టుకోవాలి, మీద ఏమీ అడ్డం ఉండకూడదు. చెక్కు తీసినట్టు పైన వేటు పడితే మూడు కళ్లు బయటపడాలి, అప్పుడు బొటనవేలు లోపలికి. ఆవిడది బాపట్ల వైపు, చుట్టూ తాటిచెట్లు ఉన్న ఊరు. నేను పుట్టి పెరిగిందంతా టౌనులో. ముంజెలు తిన్నాను గానీ వాటిని కొట్టే చెయ్యిని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

తిరగేస్తే బొమ్మలో తప్పులన్నీ తెలిసిపోతాయన్నట్టు పైన రాశాను. వంకర తెలుస్తుంది, అంతవరకే. ఆ చెయ్యిని నేను సాయంత్రం మూడుసార్లు తిరగేసి చూశాను. ఎటు తిప్పినా అందంగానే ఉంది. పదకొండు గంటలకి చెరిపి, దోసకాయ పట్టుకున్న అత్తయ్యగారి చెయ్యి చూసి మళ్లీ వేశాను. అచ్చులో అది గోరంత పడింది. ఎవరూ ఏమీ అనలేదు.

ప్యాడ్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే వారంటీ అయిపోయిందని, కావాలంటే కొత్త మోడల్ మీద డిస్కౌంట్ ఇస్తామని మెసేజ్ వచ్చింది. వీధి చివర మొబైల్ రిపేరు కుర్రాడు 150 రూపాయలకి పోర్టు తీసి కొత్తది అతికించాడు. "దీనికంటే కొత్తది కొనుక్కోండి మేడమ్" అంటూనే పని మాత్రం శుభ్రంగా చేశాడు. రెండేళ్లయింది, ఆగకుండా వెలుగుతోంది. ఒక మూల కొంచెం పచ్చబడింది, నేను దాన్ని లెక్కచేయను.

కొనమంటారా అని అడిగితే ఏం చెప్పాలో నాకు సరిగ్గా తెలియదు. నేను ఇంట్లో కూర్చుని ఏ4 సైజులో, కాగితం మీద, ఇంకు గీతతో పని చేసేదాన్ని. నాకిది రోజూ కావాలి. ఏ3 బొమ్మలు వేసేవాళ్లు దీన్ని అటూ ఇటూ జరుపుకుంటూ విసుగెత్తిపోతారు, పెద్దదే తీసుకోవాలి. టాబ్లెట్ ఉన్నవాళ్లకి అక్కర్లేదు. ఇప్పుడిప్పుడే బొమ్మలు మొదలుపెట్టిన పిల్లలకైతే కొనివ్వను. కింద వెలిగే గీత అలవాటైతే చూసి గీసే ఓపిక పోతుందేమోనని నా భయం. అది నా అనుభవం వల్ల వచ్చిన భయం కావచ్చు, అందరికీ అలా జరగకపోవచ్చు. వాళ్లకి పగటిపూట కిటికీ అద్దం చాలు, కాగితం బోర్లా పెట్టి చూసుకోవడానికైతే మరీ చాలు. తప్పదనుకుని కొనేవాళ్లు ముందు పోర్టు చూసుకోండి. పాత రకం సన్న పోర్టు కాకుండా టైప్-సి ఉన్నది దొరికితే అదే తీసుకోండి. నేను కొనిపించిన ఇద్దరు స్నేహితుల్లో ఒకావిడ ప్యాడ్ పోర్టు కూడా అలాగే పోయింది, ఆవిడ ఇప్పటికీ నన్నే అంటుంది.

మావయ్యగారి ఫొటో అద్దం మీద ఒక మూల మాస్కింగ్ టేపు జిగురు ఉండిపోయింది. కిరోసిన్‌తో తుడిస్తే పోతుందన్నారు గానీ, ఫ్రేము మళ్లీ విప్పడానికి అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదు.