రిపోర్టులన్నీ నార్మల్ అన్నప్పుడు: ఐయూఐ, ఐవీఎఫ్, ఇక్సీ మూడూ వాడాక మా సమీక్ష

అండం నెలనెలా విడుదలవుతోంది, ట్యూబులు తెరిచే ఉన్నాయి, వీర్యం రిపోర్టు బాగుంది. అయినా ఏడాదిగా కడుపు నిలవడం లేదంటే (ఆమెకు 35 దాటితే ఆరు నెలలు) డాక్టర్లు 'కారణం తెలియని సంతానలేమి' అని రాస్తారు. నల్లగొండలో ఉంటూ, పట్నం తిరుగుతూ మూడు పద్ధతులూ వాడాం. ఆమె వయసు మరీ ఎక్కువ కాకపోతే ముందు మాత్రలతో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం) మూడుసార్లు చేయించండి, ఆ తర్వాతే ఐవీఎఫ్ (అండాలను బయటికి తీసి ల్యాబులో ఫలదీకరణ చేయడం). ఐవీఎఫ్‌లోనే ఒక రకమైన ఇక్సీకి మాత్రం అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

మాత్రలు లేని ఉత్త ఐయూఐతో ఈ సమస్యలో పెద్ద లాభం లేదు. అండం ఎదిగేందుకు ఇచ్చే మాత్రలు లెట్రోజోల్ గానీ క్లోమిఫీన్ గానీ నెలసరి రెండో, మూడో రోజున మొదలుపెట్టి అయిదు రోజులు వేసుకోవాలి. పదో రోజు ప్రాంతంలో స్కాన్లు మొదలు. ఇవి నల్లగొండలోనే చేయించుకోవచ్చు. ఫాలికల్ (అండం పెరిగే చిన్న సంచి) 18–20 మిల్లీమీటర్లకు వచ్చాక అండం విడుదలయ్యేలా చేసే హెచ్‌సీజీ హార్మోన్ ఇంజెక్షన్, 24–36 గంటల్లో ఐయూఐ. న్యూజిలాండ్‌లో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో మూడు నెలల మాత్రల ఐయూఐతో 31 శాతం మందికి బిడ్డ పుట్టింది, ఊరికే ఎదురుచూసినవాళ్లలో 9 శాతానికే. మాత్రల బదులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తామంటే తొందరపడకండి. ఫాలికల్స్ ఎక్కువై కవలలు, ముగ్గురు నిలిచే ప్రమాదం బాగా పెరుగుతుంది.

చాలామంది దెబ్బతినేది వీర్యం దగ్గరే. గంటలోపు ల్యాబుకు చేరాలి కాబట్టి ఇంటి నుంచి డబ్బాలో పట్నం తేవడం కుదరదు, క్లినిక్‌లోనే ఇవ్వాలి. అంతకుముందు రెండు నుంచి అయిదు రోజుల విరామం చాలు, పది రోజులు ఆపితే కదలిక తగ్గుతుంది. ఐయూఐ అయ్యాక వారానికే గర్భపరీక్ష కిట్‌తో చూస్తే ఇంజెక్షన్‌లోని హెచ్‌సీజీయే రెండు గీతలు చూపిస్తుంది. రెండు వారాలు ఆగాలి.

ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లు దాదాపు 10–12 రోజులు. చాలా రకాల మందులను 2–8 డిగ్రీల్లో ఉంచాలి. మే ఎండలో బస్సులో తెస్తే ఐస్‌ప్యాకుల పెట్టె తప్పనిసరి, కానీ మందు ఐస్‌కు తగిలి గడ్డకట్టినా పాడే. అన్నిటికన్నా ముఖ్యం ట్రిగ్గర్ (అండాలను పక్వానికి తెచ్చే చివరి ఇంజెక్షన్) వేళ. అండాలు తీసేది ఉదయం తొమ్మిదికైతే ఇంజెక్షన్ రెండు రోజుల ముందు రాత్రి తొమ్మిది, పది మధ్య పడాలి. ఆలస్యమైతే అండాలు పక్వానికి రావు, మరీ ముందైతే తీయకముందే విడుదలైపోతాయి. ఆ వేళకు సూది వేసే నర్సును పగలే మాట్లాడి పెట్టుకోండి.

ఇక ఇక్సీ. ఐవీఎఫ్‌లో అండం చుట్టూ వీర్యకణాలను వదులుతారు, ఇక్సీలో ఒక్క కణాన్ని సూదితో లోపలికి పంపుతారు. వీర్యం బాగున్న జంటల్లో దీనివల్ల పుట్టే బిడ్డల సంఖ్య పెరగలేదని 2021లో వియత్నాం పరిశోధన తేల్చింది. అయితే మామూలు ఐవీఎఫ్‌లో అప్పుడప్పుడు ఒక్క అండమూ ఫలదీకరణ చెందదు, మనలాంటి జంటల్లో ఆ భయం నిజమైనదే. అండాలు పదికి పైగా వస్తే సగం అలా, సగం ఇలా చేయమని ముందే అడగండి. గర్భసంచి పొరను గీకడం లాంటి అదనపు బిల్లులకు ఒప్పుకోకండి. 2019లో వెలువడిన పెద్ద పరిశోధనలో దానివల్ల లాభం కనిపించలేదు.

అండాలు తీశాక పొట్ట ఉబ్బి, మూత్రం తగ్గి, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. రాత్రి ఫోనెత్తే నంబరు రాయించుకున్నాకే నల్లగొండ బస్సెక్కండి.