బీపీ చెప్పని సంగతి ఈ రక్తపరీక్ష చెప్పింది

కడుపుతో ఉన్న 31వ వారంలో నా బీపీ 138/88. పాదాలు వాచి చెప్పులు పట్టట్లేదు, పైగా తలనొప్పి. ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే జబ్బు) అనుమానంతో డాక్టరమ్మ ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రొటీన్ల పరీక్ష రాశారు.

రక్తం తీసినమ్మాయి చెయ్యి తేలిక, ఒక్క పోటుతో అయిపోయింది. రిపోర్టు మాత్రం దారుణం. రెండు అంకెలు వేసి ఊరుకున్నారు: 9,240, 88. చూడాల్సింది వాటి నిష్పత్తి! ఫోన్‌లో భాగించుకుంటే 105 వచ్చింది. 38 లోపుంటే వారంలోపు ఈ జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. 34 వారాల లోపు 85 దాటితే జాగ్రత్తపడాల్సిందే. ఈ రెండు ముక్కలు కింద రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. పీఎల్‌జీఎఫ్ మాయ నుంచి వచ్చే ప్రొటీన్, రక్తనాళాలకు మేలు చేస్తుంది. మాయ ఇబ్బందిలో పడితే ఎస్‌ఫ్లిట్-1 ఎక్కువై దాన్ని పట్టేసుకుంటుంది. బిడ్డ ఎలా ఉందో మాత్రం ఈ అంకె చెప్పదు, దానికి రక్తప్రవాహాన్ని చూపించే డాప్లర్ స్కాన్ చూడాల్సిందే.

మర్నాడే అడ్మిట్ చేశారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం 24 గంటల తేడాతో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. 33వ వారంలో పాప పుట్టింది, 1.6 కిలోలు. ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉన్నా వెంటిలేటర్ అవసరం పడలేదు.

పరీక్షకు ఐదు స్టార్లు. ల్యాబ్‌కు రెండు, అవీ ఆ అమ్మాయివే.