ఫైర్‌లో వయసు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఎఫ్‌హెచ్‌ఐఆర్, అదే మనమంతా ఫైర్ అనే స్టాండర్డ్ (ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్‌లు పేషెంట్ల వివరాలు ఒకదానికొకటి పంపుకునే పద్ధతి), పేషెంట్ రికార్డులో వయసుకంటూ గడి పెట్టలేదు. పుట్టిన తేదీ ఉంటుంది, వయసు మనం లెక్కేసుకోవాలి. ఇది అందరికీ తెలిసిందే. నాకు బాగా నచ్చింది వేరే సంగతి. తేదీ మొత్తం తెలియకపోతే సంవత్సరం ఒక్కటే రాసినా ఒప్పుకుంటుంది. 1958 అని రాస్తే 1958 గానే ఉంటుంది. తెలియని నెలనీ రోజునీ ఎవరూ కల్పించక్కర్లేదు.

దీని విలువ నాకు మధ్యలో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ వల్ల తెలిసొచ్చింది. దాని డేటాబేస్‌లో పుట్టిన తేదీ కాలమ్‌కి పూర్తి తేదీ కావాలి. అందుకని 1958 అని వచ్చిన ప్రతి రికార్డునీ 1958-01-01 చేసేసింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పైగా అదే తేదీని అసలైనదన్నట్టు మిగతా సిస్టమ్‌లకు పంపింది. జనవరి 1న వయసును బట్టి వెళ్లే స్క్రీనింగ్ రిమైండర్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. నిజంగా ఆ రోజున పుట్టినవాళ్లు ఎవరో, ఊహించి రాసినవాళ్లు ఎవరో విడదీయడానికి దారే లేకుండా పోయింది. పాత ఫైళ్లు దొరికినంతవరకు తిరగేసి సరిచేశాం, మిగతావి అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు తేదీ వచ్చింది వచ్చినట్టే దాస్తున్నాం. అది ఎంతవరకు తెలుసో పక్కనే ఇంకో కాలమ్‌లో ఉంటుంది. 1958లో పుట్టిన మనిషి వయసు 2024 జూన్ 10న 65 కావచ్చు, 66 కావచ్చు. స్క్రీన్ మీద ఆ రెండూ కనిపిస్తాయి.

అలాగని ఫైర్‌లో అంతా బాగుందనలేను. పుట్టిన సంవత్సరం సరిగ్గా తెలియకపోతే అంచనా అయినా రాయమంటుంది, కానీ అది అంచనా అని చెప్పే గడి పేషెంట్ రికార్డులో లేదు. చిత్రమేమిటంటే కుటుంబ చరిత్ర రాసే చోట, బంధువుల వయసుకి ఆ గడి ఉంది! అసలు పేషెంట్‌కే లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జబ్బు మొదలైన వయసు విషయంలో మాత్రం మనసు దోచుకుంది. "నాకు యాభయ్యో ఏట షుగర్ వచ్చింది" అని పేషెంట్ చెబితే, దాన్ని తేదీగా మార్చే పని లేకుండా 50 ఏళ్లు అనే రాసుకోవచ్చు. చెప్పింది చెప్పినట్టే ఉంటుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు, కాబట్టి నాకు ఇది సరిపోతోంది. పసికందుల వార్డులో పనిచేసేవాళ్లు ఇదే మాట అంటారని అనుకోను. కామెర్లకు రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఎంత ఉంటే ప్రమాదమో అక్కడ పుట్టి ఎన్ని గంటలైందన్న లెక్కతో చూస్తారు. పుట్టిన సమయమేమో ఫైర్‌లో ఎక్స్‌టెన్షన్‌గా, అంటే మామూలు గడుల్లో కాకుండా అదనంగా తగిలించిన సమాచారంగా వెళ్తుంది, అందుకునే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవకుండా వదిలేస్తే తేదీ ఒక్కటే మిగులుతుంది. అలాంటి చోట వాడేవాళ్లు ముందు ఆ ఒక్కటీ పరీక్షించి చూసుకోవాలి.